నర్సమ్మా, ఇది నిజమేనా?

సూళ్లూరుపేట చుట్టుపక్కల పల్లెల్లో ఏఎన్ఎంగా చేరి, హెల్త్ సూపర్‌వైజర్‌గా రిటైరయ్యాను. మశూచి టీకాల చివరి రోజులు చూశాను. పల్స్ పోలియో డబ్బా భుజాన వేసుకుని పులికాట్ రేవుల వెంట తిరిగాను. కరోనా వచ్చేనాటికి నాకే అరవై దాటి చాలా ఏళ్లయింది. దాంతో రెండు వైపులా నేనే ఉన్నాను. గడప దాటొద్దని పిల్లలు గదమాయించిన ముసలిదాన్నీ నేనే, ‘నర్సమ్మా, ఇది నిజమేనా?’ అని వీధివాళ్లు ఫోన్ చేసి అడిగిందీ నన్నే. ఇప్పుడు సచివాలయాల్లో పనిచేసే ఏఎన్ఎం పిల్లలు, ఆశా కార్యకర్తలు సాయంత్రాలు వచ్చి మా అరుగు మీద కూచుంటారు. వాళ్లకి చెప్పినవే రాస్తున్నాను. ఒక వరస అంటూ లేదు, గుర్తొచ్చిన కొద్దీ రాసుకుంటూ పోయాను.

1. మాట ముందు పెద్దాయనతోనే

ఏ ఇంటికి పోయినా జరిగేది ఒకటే. కొడుకు గుమ్మంలో నిలబడతాడు, కోడలు వెనకుంటుంది, పెద్దాయన లోపల మంచం మీద ఉంటాడు. మనం కొడుక్కి అంతా చెప్పి, రిజిస్టర్‌లో రాసుకుని వచ్చేస్తాం. మనం చెప్పింది పది మాటలు. కొడుకు లోపలికి పోయి చెప్పేది ఒక్కటే: ‘నువ్వు బయటికి పోవద్దన్నారు.’ ఎందుకు పోకూడదు, ఎప్పటిదాకా, ఏ పనికైతే పోవచ్చు, పోతే ఏం జాగ్రత్త తీసుకోవాలి, ఇవేవీ ఆ మనిషికి చేరవు. డెబ్బై ఏళ్లు సేద్యం చేసి, నలుగురు పిల్లల్ని పెంచి, పెళ్లిళ్లు చేసిన మనిషికి కారణం చెప్పకుండా ఆజ్ఞ ఒక్కటే ఇస్తే ఏం చేస్తాడు? కొడుకు లేని సమయం చూసుకుని టీకొట్టుకి పోతాడు. పోయారు కూడా.

కరోనా మరణాల్లో సగానికి పైగా అరవై దాటినవాళ్లవేనని 2020 జులైలోనే కేంద్ర ఆరోగ్య శాఖ చెప్పింది. ఆ లెక్క గురించి టీవీల్లో గంటలకొద్దీ మాట్లాడారు. మాట్లాడిందంతా పెద్దవాళ్ల గురించే, పెద్దవాళ్లతో మాట్లాడింది తక్కువ.

ఇంకో సంగతి. చెవులు మందగించినవాళ్లు సగం మాట మన పెదాల్ని చూసే అర్థం చేసుకుంటారు. మాస్కు ఆ సగాన్ని కప్పేసింది. వినపడలేదని ఒప్పుకోవడం నామోషీ కాబట్టి తలూపుతారు. మనం అర్థమైందనుకుంటాం. గట్టిగా అరిస్తే లాభం లేదు. వయసుతో ముందు పోయేది సన్నటి స్వరం, కీచుగా అరిస్తే ఇంకా తక్కువ వినపడుతుంది. గొంతు తగ్గించి, నిదానంగా, టీవీ ఆపించి, ముఖాన వెలుతురు పడేట్టు నిలబడి చెప్పాలి.

చివర్లో ‘అర్థమైందా?’ అని మాత్రం అడగొద్దు. ఆ ప్రశ్నకి ఎవరైనా అర్థమైందనే అంటారు. నేను అడిగే తీరు వేరు.

‘అవ్వా, రేపు మీ చెల్లెలు ఫోన్ చేస్తే, నర్సమ్మ వచ్చి ఏం చెప్పిందని చెప్తావు?’

‘ఏం చెప్తా? మాస్కు పెట్టుకోమనింది, మాత్ర మానేయమనింది.’

నేను చెప్పింది మాత్ర మానొద్దని. ఆ ప్రశ్న వేయకపోయుంటే ఆవిడ బీపీ మాత్ర ఆ రోజు నుంచే ఆగిపోయేది.

2. భయపెట్టి అడిగితే నిజం బయటికి రాదు

రాష్ట్రంలో మొదటి కేసు మా నెల్లూరు జిల్లాలోనే బయటపడింది. 2020 మార్చి 12న, ఇటలీ నుంచి వచ్చిన ఒక కుర్రాడికి. సూళ్లూరుపేట అప్పటికింకా నెల్లూరు జిల్లాలోనే ఉంది, తిరుపతి జిల్లాలోకి పోయింది 2022 ఏప్రిల్‌లో. ఆ వార్తతోటే మా ఊళ్లో దగ్గు వినపడటం ఆగిపోయింది. దగ్గు తగ్గి కాదు, దాచుకోవడం మొదలై.

సచివాలయం వలంటీర్లు ఇంటింటికీ వచ్చి అడిగేవాళ్లు. జ్వరముందా? దగ్గుందా? ఎవరైనా బయటూరి నుంచి వచ్చారా? అడిగే పిల్లల తప్పు లేదు, ఇచ్చిన కాగితం అది. కానీ ‘ఉంది’ అంటే ఏమవుతుందో జనం అప్పటికే చూసున్నారు. వీధి మొగలో వెదురుబొంగులు కట్టేస్తారు, 108 వచ్చి ఆగుతుంది, నాలుగిళ్ల అవతలివాళ్లు కూడా నీళ్లు పట్టుకోనివ్వరు. నలభై ఏళ్లుగా చుట్ట తాగే ఒక పెద్దాయన, వలంటీర్ గొంతు వినగానే తువ్వాలు ముద్దచేసి నోట్లో కుక్కుకుని పెరట్లోకి పోవడం నా కళ్లతో చూశాను. ఆయనది చుట్ట దగ్గే. అయినా చెప్పుకోవాలంటే భయం.

మే నెలలో కోయంబేడు సంగతి వచ్చింది. చెన్నైలో ఆ కూరగాయల మార్కెట్ నుంచి కేసులు పాకాయని మే 5న దాన్ని మూసేశారు. మా ఊరి వ్యాపారులకి కోయంబేడు పక్కవీధి లాంటిది, రాత్రి లారీ ఎక్కితే తెల్లారేసరికి సరుకుతో వస్తారు. ఆ తాకిడి సూళ్లూరుపేటకీ తగిలింది. తగిలిన మరునాటి నుంచి ఊళ్లో వ్యాధి పేరు మారిపోయింది. ‘కూరగాయలోళ్లు తెచ్చిన జబ్బు’ అయింది. అటువంటి పేరు పడ్డాక ఏ కూరగాయల ఇంట్లో ముసలమ్మ నాకు ఆయాసంగా ఉందని నోరు విప్పుతుంది?

నేను నేర్చుకున్నది ఇదీ: అడగబోయే ముందే, ‘ఉంది’ అంటే తర్వాత ఏం జరుగుతుందో చెప్పేయాలి. ఎక్కడికి తీసుకుపోతారు, ఎన్ని రోజులు, అన్నం ఎవరు పెడతారు, బీపీ మాత్రలు వెంట తీసుకుపోవచ్చా, ఫోన్ దగ్గరుంచుకోనిస్తారా, ఇంట్లో గేదెని ఎవరు చూస్తారు. చివరి ప్రశ్నకి ప్రభుత్వం దగ్గర జవాబుండదు. పక్కింటివాళ్లతో మాట్లాడి పెట్టాల్సింది మనమే.

3. నిన్నటి మాట మారితే, మారిందని మనమే చెప్పాలి

మొదట్లో ఆరోగ్యంగా ఉన్నవాళ్లకి మాస్కు అక్కర్లేదన్నారు. 2020 ఏప్రిల్ మొదటి వారంలో ఇంట్లో కుట్టిన గుడ్డయినా సరే కట్టుకోమని కేంద్రం చెప్పింది. నోట్లు, కూరగాయలు, పాల ప్యాకెట్లు కడగమన్నారు. తర్వాత్తర్వాత గాలిలోనే ఎక్కువ పాకుతుందని తేలింది. గాలి ఆడని గదిలో పదిమంది కూచోవడమే అసలు ప్రమాదమని అప్పటికి ఎవరూ గట్టిగా చెప్పలేదు. మా వీధిలో ఒక పెద్దావిడ 2021 సంక్రాంతికి కూడా పింఛను నోట్లు సర్ఫు నీళ్లలో ముంచి దండెం మీద ఆరేసేది. అదే రోజు తలుపులన్నీ మూసిన గదిలో చుట్టాలందర్నీ కూచోబెట్టి అరిసెలు పెట్టింది.

కోవిషీల్డ్ రెండో డోసుదీ అదే కథ. ముందు నాలుగు వారాలకన్నారు. 2021 మార్చి 22న ఎనిమిది వారాల దాకా పెంచారు. మే 13న పన్నెండు నుంచి పదహారు వారాలు చేశారు. తేదీ రాసిన చీటీ రేషన్ కార్డులో పెట్టుకుని, ఆ రోజుకి ఆటో మాట్లాడుకుని వచ్చిన ముసలివాళ్లని గేటు దగ్గరే వెనక్కి పంపారు. కారణం అడిగితే ‘పైనుంచి ఆర్డర్’ అన్నారు.

ఎడం పెంచడానికి శాస్త్రం ఉంది. డోసుల మధ్య ఎక్కువ వ్యవధి ఇస్తే రక్షణ బాగుందని బ్రిటన్ అనుభవం చెప్పింది. ఆ రోజుల్లో టీకాల కొరత కూడా ఉంది. రెండూ నిజమే. రెండూ చెప్పి ఉంటే జనం ఒప్పుకునేవాళ్లు. మొదటిదొక్కటే చెప్తే, రెండోది వాళ్లంతట వాళ్లే కనిపెట్టి, మొదటిది కూడా అబద్ధమే అనుకున్నారు. పెద్దవాళ్లు కరువులు చూసినవాళ్లు, రేషన్ క్యూలు చూసినవాళ్లు. సరుకు లేదంటే ఆగుతారు. దాచిపెడితే మాత్రం ఆగరు.

4. ఎడం చేతి మీది మచ్చ

2021 మార్చి 1 నుంచి అరవై దాటినవాళ్లకి టీకా మొదలైంది. వద్దన్నవాళ్లు మా దగ్గర తక్కువేం లేరు. ‘ఇన్నాళ్లు బతికినాం, ఇప్పుడెందుకు సూది’ అనేవాళ్లు కొందరు, ‘ముందు మీ పిల్లలకి వేయండి’ అనేవాళ్లు ఇంకొందరు.

వాళ్ల దగ్గర నేను గణాంకాలు మాట్లాడలేదు. రవిక చెయ్యి కొంచెం పైకి జరిపి, చొక్కా చెయ్యి మడిచి చూపించమనేదాన్ని. ఆ వయసువాళ్లందరికీ ఉంటుంది, గుండ్రంగా, లోపలికి నొక్కుకుపోయిన మచ్చ. కొందరికి రెండు.

‘ఇదెప్పటిది పెద్దాయనా?’

‘చిన్నప్పుడు టీకాలోళ్లు వేసింది. మా నాయన చెట్టు చాటున దాక్కున్నా పట్టుకొచ్చి వేయించినాడు.’

‘మీ ఈడు వాళ్లలో అమ్మవారు పోసి ముఖాన గుంటలు పడ్డోళ్లు ఉన్నారా?’

‘ఉండారు. మా పెద్దక్క అందులోనే పోయింది.’

‘మీ మనవళ్లలో ఎవరికన్నా పోసిందా?’

అక్కడ ఆగేదాన్ని. మిగతాది ఆయనే చెప్పేవాడు. మన దేశంలో ఆఖరి మశూచి కేసు 1975లో. 1980లో ప్రపంచమంతా పోయిందని ప్రకటించారు. ఇప్పటి కుర్రాళ్లకి అది పాఠ్యపుస్తకంలో ఒక పేరా. ఈ పెద్దవాళ్లకి సొంత చేతి మీదుంది. టీకా గురించి ఊళ్లో అందరికన్నా ఎక్కువ తెలిసినవాళ్లు వాళ్లే. మనమే వాళ్లని ఏమీ తెలియనివాళ్ల కింద జమకట్టి పాఠాలు చెప్పబోయాం.

ఏప్రిల్‌లో ఒక ఎదురుదెబ్బ తగిలింది. మాది సరిహద్దు ఊరు, సగం ఇళ్లలో తమిళ చానళ్లు నడుస్తాయి. హాస్యనటుడు వివేక్ ఏప్రిల్ 15న చెన్నైలో అందరి ముందూ టీకా వేయించుకున్నాడు, మర్నాడు గుండెపోటు వచ్చింది, 17న చనిపోయాడు. ఆ వారం మా దగ్గర టీకా కేంద్రానికి వచ్చేవాళ్లు పలచబడ్డారు. గుండె రక్తనాళం పూర్తిగా పూడుకుపోయిందని, టీకాకి సంబంధం లేదని డాక్టర్లు అప్పుడే చెప్పారు. కేంద్ర కమిటీ విచారించి అదే మాట ఖరారు చేసేసరికి అక్టోబర్ వచ్చింది. పుకారు సాయంత్రానికి వచ్చింది, జవాబుకి ఆరు నెలలు పట్టింది. ఆ మధ్యలో మనలాంటివాళ్లు నోరు మూసుకుని కూచోకూడదు. ‘చనిపోయింది నిజం. ఎందుకో డాక్టర్లు చెప్పింది ఇది. ఇంకా విచారణ నడుస్తోంది. మీ వయసులో జబ్బొస్తే ఉండే ప్రమాదం ఇదీ’ అని తెలిసినంత చెప్పాలి. నేను టీకా వేయించుకుని రెండు రోజులు జ్వరంతో పడుకున్న సంగతి కూడా దాచకుండా చెప్పాను. జ్వరం రాదని ముందు చెప్పి, వచ్చాక పారాసెటమాల్ ఇస్తే రెండో డోసుకి ఆ మనిషి మళ్లీ కనపడడు.

5. కృష్ణపట్నం

ఇది కొంచెం పొడుగు. కానీ చెప్పకుండా దాటేస్తే మా జిల్లా కథ చెప్పినట్టే కాదు.

2021 మే. రెండో అల చావగొడుతోంది. 10వ తేదీ రాత్రి తిరుపతి రుయా ఆసుపత్రిలో ఆక్సిజన్ అందక 11 మంది పోయారని వార్త. తమిళనాడు నుంచి రావాల్సిన ట్యాంకర్ ఆలస్యమైంది. అప్పటి నుంచి మా దగ్గర ముసలివాళ్లకి ఆసుపత్రి అంటే పోయి తిరిగి రాని చోటు. సరిగ్గా అప్పుడే ముత్తుకూరు మండలం కృష్ణపట్నంలో ఆనందయ్య ఆకుపసరు మందు ఇస్తున్నాడని పాకింది. 21వ తేదీన జనం వేలకి వేలు వచ్చిపడ్డారు. అంబులెన్స్‌లో ఆక్సిజన్ పెట్టుకుని వచ్చినవాళ్లూ ఉన్నారు. తోపులాటకి పంపిణీ ఆగిపోయింది. ఆయుష్ వాళ్లు పరీక్షలు మొదలుపెట్టారు.

మా వీధి నుంచి కూడా పోయారు. చదువు లేనివాళ్లనుకునేరు, టీచర్లున్నారు, రిటైరైన గుమాస్తాలున్నారు. ఎందుకు పోయారో నేను చాలామందిని అడిగాను. మందు గురించి చెప్పినవాళ్లు తక్కువ. ‘డబ్బు అడగలేదు’ అన్నారు. ‘ముక్కులో పుల్ల పెట్టలేదు’ అన్నారు. ‘విడిగా గదిలో పెట్టి తాళం వేయలేదు.’ ‘ముఖం చూసి మాట్లాడినాడు.’ ఆసుపత్రుల్లో తల నుంచి పాదం దాకా తెల్ల కవర్లలో చుట్టుకున్న మనుషుల్ని తప్ప వేరేవాళ్లని చూడని పెద్దవాళ్లకి, లుంగీ కట్టుకుని మన యాసలో పలకరించే మనిషి దొరికాడు. అక్కడ మనం ఓడిపోయింది మందు దగ్గర కాదు, పలకరింపు దగ్గర.

ఆనందయ్య పసరుతో పాటు వేసే కంటి చుక్కలతో లేచి కూచున్నానని వీడియోలో చెప్పిన ఒక రిటైర్డ్ హెడ్మాస్టరు, నెలాఖరుకి నెల్లూరు ప్రభుత్వాసుపత్రిలో చనిపోయారు. మొదటి వీడియో ఊరూరా చేరింది. రెండో వార్త ఎంతమందికి చేరిందో మా వీధిలోనే అడిగి చూశాను. చాలామందికి తెలియదు.

మే 31న ప్రభుత్వం కంటి చుక్కలు తప్ప మిగతా మందులకి అనుమతి ఇచ్చింది. నిపుణుల నివేదికలో రెండు ముక్కలున్నాయి. ఒకటి, దీనివల్ల హాని కనపడలేదు. రెండు, దీనితో కరోనా తగ్గుతుందనడానికి రుజువు లేదు. డాక్టరు ఇచ్చిన మందులు మానొద్దని కూడా చెప్పారు. పెద్దవాళ్లు విన్నది ‘హాని లేదు’, ‘అనుమతి ఇచ్చారు’. అంతే. అందుకని చెప్తున్నాను, మాట చెప్పేటప్పుడు ప్రాణం నిలిపే ముక్క ముందుండాలి. ‘డాక్టరిచ్చిన మందు మానొద్దు. ఆయాసం వస్తే ఆసుపత్రికే పోవాలి. ఆకుపసరుతో తగ్గుతుందని ఇంతవరకూ రుజువు కాలేదు. తీసుకుంటే పెద్ద హాని లేదన్నారు.’ ఇవే మాటలు, ఈ వరసలో. తిరగేసి చెప్తే అర్థమే తిరగబడుతుంది.

ఎగతాళి మాత్రం చేయొద్దు. ఎగతాళి చేసినవాళ్ల దగ్గర మళ్లీ ఏ సంగతీ చెప్పుకోరు, మిరియాల కషాయం తాగిన సంగతి కూడా.

6. రెండో వారం

మొదటి వారం బాగుంటే గండం గడిచిందనుకుంటారు. అసలు గండం రెండో వారంలోనేనని ఎలా నమ్మించాలా అని అవస్థ పడుతుంటే, చెప్పుకోడానికే బాధగా ఉండే ఒక ఉదాహరణ మా జిల్లా మనిషి రూపంలోనే వచ్చింది. గాయకులు ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం గారు 2020 ఆగస్టు 5న స్వయంగా వీడియోలో కనపడి, తక్కువ లక్షణాలే, కంగారు పడొద్దన్నారు. 13వ తేదీ రాత్రి పరిస్థితి విషమించి ఐసీయూకి మార్చారు. సెప్టెంబర్ 25న పోయారు. వయసు 74. బాలు గారికే దిక్కులేదు మనమెంత అని మా దగ్గర చాలామంది దిగాలుపడ్డారు. ఆ దిగులులోంచే నేను తేదీలు లెక్కపెట్టించేదాన్ని. ‘5 నుంచి 13 దాకా ఎన్ని రోజులు? అందుకే ఆ రోజులు దాటేదాకా వేలికి పెట్టే మిషన్‌తో రోజూ చూసుకోమనేది.’

ఆ మిషన్ గురించి నాలుగు ముక్కలు. వేళ్లు చల్లగా ఉంటే, గోళ్లకి రంగుంటే లెక్క తప్పొస్తుంది. చెయ్యి రుద్దుకుని, కదలకుండా కూచుని చూడాలి. ఒకసారి కూచుని, ఒకసారి గదిలో ఆరు నిమిషాలు నడిచాక. 94 కన్నా తగ్గితే ఆలోచించేది లేదు. కర్పూరం, వాము మూటకట్టి వాసన చూస్తే ఆక్సిజన్ పెరుగుతుందని ఆ రోజుల్లో ప్రతి ఫోనులోనూ తిరిగింది. ముక్కు తెరుచుకున్నట్టు హాయిగా ఉంటుంది, మిషన్ మీద అంకె కదలదు. అది కళ్ల ముందే పెట్టి చూపిస్తే చాలు, వాదించక్కర్లేదు.

ముసలివాళ్లలో జ్వరం రాకపోవచ్చు. ఉన్నట్టుండి మతి తప్పి మాట్లాడటం, అన్నం ముట్టకపోవడం, నిలబడబోయి కూలిపోవడం, ఇవే మొదటి గుర్తులు కావొచ్చు. ‘వయసైపోయింది, చాదస్తం’ అని ఇంట్లోవాళ్లు వదిలేస్తారు. నిన్న లేని చాదస్తం ఇవాళ వస్తే అది చాదస్తం కాదు.

7. కరోనా కాని జబ్బులు

మా ఊరివాళ్లకి పెద్దాసుపత్రి అంటే చెన్నై. పొద్దున లోకల్ రైలెక్కి పోయి, కంటి డాక్టరుకో గుండె డాక్టరుకో చూపించుకుని, రాత్రికి వచ్చేసేవాళ్లు. 2020 మార్చిలో రైళ్లు ఆగాయి, సరిహద్దు చెక్‌పోస్టు పడింది. పాసు కావాలంటే కంప్యూటర్ కావాలి. పొర వచ్చిన కళ్లు ఏడాది పైన అలాగే ఉండిపోయాయి. స్టెంటు వేయించుకున్న ఒకాయన మాత్రలు అయిపోతాయని రోజుకి సగం విరిచి మింగేవాడు, చాకుతో జాగ్రత్తగా రెండు ముక్కలు చేసి, ఒకటి అగ్గిపెట్టెలో పెట్టుకునేవాడు. బీపీకి వాడే కొన్ని మాత్రలు కరోనాని పెంచుతాయని ఇంకో పుకారు. గుండె డాక్టర్ల సంఘాలు మానొద్దని చెప్పాయి, ఆ మాట ఇంగ్లీషు పేపర్లలో ఆగిపోయింది.

14410 నంబరుకి ఫోన్ చేస్తే డాక్టరు తిరిగి ఫోన్ చేసే ఏర్పాటు ఆ ఏప్రిల్‌లో ప్రభుత్వం పెట్టింది, మంచి పనే. కానీ మాత్ర పేరు చదివి చెప్పేవాళ్లు పక్కన ఉండాలి. ఖాళీ అట్ట పారేయొద్దు, దాచుకో అని చెప్పడమే సగం వైద్యం.

8. ఫోన్లో వచ్చింది

పంపింది ఎవరన్నదే చూస్తారు, ఏం పంపారన్నది తర్వాత. అమెరికాలో ఉన్న మనవడు పంపితే వేదం. ఆ మనవడికి దాన్ని పంపింది ఎవరో వాడికీ తెలియదు. మా దగ్గర దీనికి తోడు రెండు రాష్ట్రాల గోల. తమిళనాడు వైపు ఆరంబాకం చుట్టాలు కబసుర కుడినీరు కషాయం పొట్లాలు పంపేవాళ్లు, అక్కడి ప్రభుత్వమే పంచింది కదా అని. ఇక్కడ ఆర్సెనిక్ ఆల్బమ్ హోమియో మాత్రలు పంచారు. రెండూ వేసుకున్నవాళ్లున్నారు.

అన్నిట్లోకీ ఎక్కువ హాని చేసింది మందుల చీటీ ఫోటోలు. ఎవరికో రాసిన డెక్సామెథాసోన్ ఇంకెవరో మింగడం. ఆక్సిజన్ అవసరమైన రోగికి అది ప్రాణం నిలబెడుతుందని 2020 జూన్‌లో బ్రిటన్‌లో తేలింది. అవసరం లేనివాళ్లకి మేలు లేదని కూడా అందులోనే తేలింది. షుగర్ ఉన్న ముసలివాళ్లు ఇష్టం వచ్చినట్టు వాడితే షుగర్ ఎక్కడికో పోయింది. మరుసటి ఏడు మేలో బ్లాక్ ఫంగస్ అని విన్నారే, దాని వెనక ఇది కూడా ఒక కారణం.

నేను చెప్పేది ఒకటే. ‘పంపొద్దు’ అనకండి, ‘ముందు నాకు పంపండి’ అనండి. నాకు రోజూ వచ్చేవి. తెలిసినదానికి జవాబిచ్చేదాన్ని. తెలియనిదానికి రేపు కనుక్కుని చెప్తాననేదాన్ని, మర్నాడు చెప్పేదాన్ని. ఆ మర్నాడు ఫోన్ చేయడం మానేస్తే ఇంక మన మాటకి విలువుండదు.

9. కాళ్లు

మా ఊరి చెంగాళమ్మ గుడికి తలుపులుండవు, రేయింబవళ్లు దర్శనమే. అలాంటి గుడికి కూడా పోవద్దన్న కాలం అది. ఏడాదిన్నర ఇంట్లో కూచున్న ముసలివాళ్లలో చాలామందికి కరోనా రాలేదు, కాళ్లలో సత్తువ పోయింది. పొద్దున్నే కాళంగి నది కట్ట మీద నడిచేవాళ్లు, గోడ పట్టుకుని బాత్రూమ్‌కి పోయే స్థితికి వచ్చారు. పడ్డారు, తుంటి ఎముకలు విరిగాయి. ఏ లెక్కలోనూ కరోనా కింద రాయలేదు. ‘బయటికి పోవద్దు’ అని చెప్పేవాళ్లం, ‘ఇంట్లోనే పూటకి పదిసార్లు కుర్చీలోంచి లేచి కూచో’ అని కూడా చెప్పాల్సింది ఆ నోటితోనే.

ఒంటరితనం గురించి పెద్దగా రాయను. అది రాస్తే తరగదు. ఒక్కటి మాత్రం. ఆ రోజుల్లో ఫోన్ చేస్తే ముందు దగ్గు వినపడేది, కరోనా కాలర్ ట్యూన్. కూతురికి ఫోన్ కలిపిన ఒకావిడ ఆ దగ్గు విని, బిడ్డకి జబ్బు చేసిందని ఏడుపు మొదలుపెట్టింది. ఎక్కడో ఆఫీసులో కూచుని ఆ ట్యూన్ తయారుచేసినవాళ్లు ఒక్క ముసలమ్మ చేత వినిపించి చూసుంటే బాగుండేది.

10. గోడ మీది చీటీ

ఇప్పటి పిల్లలకి నేనిచ్చే పని ఇది, కరోనా ఉన్నా లేకున్నా. ప్రతి పెద్దవాళ్ల ఇంట్లో, క్యాలెండర్ పక్కన, లావు అక్షరాలతో, నల్ల మార్కర్‌తో ఒక చీటీ అంటించాలి. పేరు, వయసు. వేసుకునే మాత్రలు, ఏ పూట ఏది. పడనివి. ఏ మందు వేసుకుంటే ఒళ్లు దద్దురేస్తుందో. 108, 104. మీ నంబరు. కొడుకు నంబరు రెండోది, మొదటిది పక్కింటివాళ్లది. కొడుకు బెంగళూరులో ఉంటాడు, పక్కింటాయన పది అడుగుల్లో ఉంటాడు.

చదువు రానివాళ్లకి సూర్యుడు, చంద్రుడి బొమ్మ గీసి, అట్టలోంచి ఒక మాత్ర తీసి ఆ బొమ్మ పక్కనే టేపుతో అంటించండి. రంగు, సైజు చూసి గుర్తుపడతారు. మందుల షాపువాడు కంపెనీ మార్చి ఇస్తే మాత్ర రంగు మారుతుంది. ఆ నెల మళ్లీ పోయి చీటీ మార్చాలి.

పోవడానికి మంచి రోజు నెల మొదటి తారీఖు, పింఛను రోజు. తెల్లారకముందే లేచి, స్నానం చేసి, వాకిట్లో కుర్చీ వేసుకుని కూచుంటారు. 2020 ఏప్రిల్‌లో వేలిముద్ర వద్దని ఫోటో తీసి ఇంటి దగ్గరే పింఛను ఇచ్చినప్పుడు కూడా అలాగే కూచున్నారు. వాళ్లు మనకోసం ఎదురుచూసే రోజు అదొక్కటే, మనమేమో ఆ రోజు మీటింగ్ పెట్టుకుంటాం. డబ్బు లెక్కపెట్టుకోనిచ్చి, ఆ తర్వాత మాట మొదలుపెట్టండి. ముందే మొదలుపెడితే ఒక్క ముక్క కూడా వినరు, నేనైనా వినను.